గుండె నోటికి వచ్చుట, కడుపు తరుగుకొనిపోవుట

ఈ మాసమున మనము ముచ్చటించుకొనబోవు విషయమును దిల్‌సుఖ్‌నగరు వీథులే నాకు చూపినవి. అచ్చటి మెట్రో రైలు స్టేషను మొదలుకొని చైతన్యపురి మీదుగా ఎల్.బి.నగరు కూడలివఱకు నడచినచో, బ్యాంకు కొలువులకును, స్టాఫ్ సెలెక్షన్ కమీషను పరీక్షలకును, గ్రూపు పరీక్షలకును తరిఫీదు నిచ్చు సంస్థల పేరుపలకలు కన్నులకు విశ్రాంతి నీయవు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము జిల్లాలనుండి విజయవాడ బాటను, దేవరకొండ ప్రాంతమునుండి సాగరు బాటను బస్సెక్కి వచ్చిన పిల్లలు ఇచ్చటి వసతిగృహములలో నలుగురైదుగురు ఒక గదిలో సర్దుకొని చదువుకొనుచుందురు. వారి చేతిపుస్తకములలో ఇంగ్లీషు నానుడుల పట్టిక యొకటి తప్పక యుండును. నానుడి నిచ్చి దాని యర్థమును గుర్తింపుమనుట ఆ పరీక్షలలో పరిపాటి.

ఆ పట్టికలను వారు వల్లెవేయుచుండగా నేను పలుమాఱులు వింటిని. “హార్ట్ ఇన్ ది మౌత్” అనగా మిక్కిలి భయపడుట. “బటర్‌ఫ్లైస్ ఇన్ ది స్టమక్” అనగా బెదరు. “కోల్డ్ ఫీట్” అనగా కడపటి నిమిషమున వెనుకంజ వేయుట. ఇట్లు ఎక్కములవలె సాగిపోవును. గుండె నోటికేల వచ్చును, కడుపులో సీతాకోకచిలుకలకేమి పని యని ఒక్కరును నిలిచి యోచింపరు. మావారు పాఠశాలలో నాలుగు తరములుగా పిల్లలు ఇటులే చదువుట చూచుచున్నామని నవ్వుదురు గాని, నాకు మాత్రము నవ్వు రాలేదు. ఈ మాటలన్నియు మనిషి దేహమునుండి పుట్టినవి. దేహము ఎల్లరకు నొక్కటియే. కనుక ఇంగ్లీషు అక్షరము రాని తల్లికిగూడ వీని లోతు తెలిసియే యుండును.

మన పెద్దలు ఈ విషయమును ఎంత శ్రద్ధగా పరికించిరో చూడుడు. భరతముని నాట్యశాస్త్రమున ఎనిమిది సాత్త్వికభావములు చెప్పబడినవి: స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభంగము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము. ఉద్వేగము మితిమీరినపుడు దేహము తనంత తాను చూపు గుర్తులివి. మనస్సు నిజముగా లగ్నమైనగాని నటునకు సైతము ఇవి చేతికి రావు గనుక వీనికా పేరు గలిగినది. పరీక్షార్థుల పట్టికను దీని ప్రక్కన నుంచి చూచితిని. కదలక నిలిచిపోవుటను ఇంగ్లీషువారు ఉన్నచోటనే వేళ్లు తన్నినట్లని యందురు. అది స్తంభము, మన కొయ్యబాఱుట. “కోల్డ్ స్వెట్” స్వేదము, మన ముచ్చెమటలు. గొంతులో ముద్ద యడ్డుపడినదందురు. అది స్వరభంగము, మన గొంతు పూడుకొనుట. ఇచ్చట పిల్లలకొక హెచ్చరిక చేయవలెను. గొంతులో వెలగకాయ పడుట యనునది వేఱు. అది ఎటును తప్పించుకొనలేని చిక్కులో పడుటయే గాని దుఃఖము కాదు.

వైవర్ణ్యమను దానిలో తమాషా గలదు. భయపడినవాని మొగము దుప్పటివలె తెల్లబాఱినదని ఇంగ్లీషువాడనును. వాని మేనిరంగునకది తగియున్నది. మన మొగములు అంత తెల్లబాఱునా? మనము పాలిపోయినదందుము, నల్లబడినదందుము, చిన్నబోయినదందుము, వాడినదందుము; మితిమీరినచో కత్తివేటునకు నెత్తురుచుక్క లేదందుము. ఈ కడపటిమాట వైద్యుడు చెప్పినట్లే యున్నది. భయమున చర్మమునందలి సన్నని నాళములు ముడుచుకొని, నెత్తురు లోపలికి మఱలును. దుప్పటి యుపమ పైరంగును మాత్రమే చెప్పినది. మన పల్లెటూరి ముసలమ్మ కారణమునుగూడ చెప్పినది.

రోమాంచము సంగతి యింకను వింతయైనది. “గూస్ బంప్స్” అనగా ఈకలు పెరికిన బాతుజాతి పక్షి చర్మమువలె ఒడలు బుడిపెలెత్తుట. వంటయింటి యుపమానమే గాని, శాకాహారుల కంతగా రుచింపదు. ప్రతి వెండ్రుక మొదటను ఒక చిన్న కండరము గలదు. చలికిగాని భయమునకుగాని అది ముడుచుకొన్నచో వెండ్రుక నిక్కును. కుక్క నెదిరించిన పిల్లి రెట్టింపైనట్లు కనబడుట ఇందువలననే. మనకు బొచ్చు పోయినను కండరము మిగిలినది. లాటిను భాషలో వెండ్రుకలు నిక్కుటను తెలుపు ధాతువునుండి ఇంగ్లీషున “హారర్” అను మాట, అనగా ఘోరభయము, పుట్టినది. ఆ ధాతువునకు సోదరియని భాషాశాస్త్రజ్ఞులు చెప్పు సంస్కృతధాతువునుండి మనకు వచ్చినది “హర్షము”! రోమహర్షణమను మాటలో దాని పాతయర్థమింకను నిలిచియున్నది. ఒక్క పుట్టింటి యాడుబిడ్డలిద్దరు పడమటికొకతె, తూర్పునకొకతె కాపురమునకు బోయి, ఒకతె భయమును, ఒకతె సంతోషమును వరించినట్లున్నది. తెలుగు ఈ రెంటిని వేఱుపఱచి, సంతోషమునకు పులకింత, భయమునకు గగుర్పాటు అని చెఱియొక మాట నిచ్చినది. ఇంగ్లీషు పట్టికలో రెంటికిని ఒక్కటియే బాతుచర్మము.

ఇక గుండె నోటికి వచ్చు మాటకు వత్తము. ఇది ఇంగ్లీషువాని సొత్తు కాదు. గ్రీకుల ప్రాచీనకావ్యమైన ఇలియడ్ 22వ సర్గమున ఇది యొక స్త్రీ విషయమున వచ్చినది. ఆమె ట్రాయి నగరపు రాకుమారుడైన హెక్టరు భార్య, పేరు ఆండ్రొమకీ. భర్త యుద్ధమునకు బోయినాడు. ఆమె లోపలియింట మగ్గము చెంత కూర్చుండి రంగుపువ్వులు దించుచు నేయుచున్నది. అతడలసి వచ్చునని స్నానమునకు నీళ్లు కాచుడని దాసీలకు చెప్పినది. అప్పుడు కోటగోడనుండి ఏడ్పు వినవచ్చినది. అత్తగారి గొంతు గుర్తుపట్టినది. చేతినుండి నాడె జారి నేలబడినది. ఒడలు వణకినది, కాళ్లు బిగిసినవి, గుండె ఎగిరి నోటికి వచ్చినది. పరుగెత్తి గోడయెక్కి చూచునప్పటికి రథమునకు కట్టి యీడ్చుకొనిపోబడుచున్న భర్త దేహము కంటబడినది. కన్నులు చీకట్లు క్రమ్మి వెనుకకు విఱుచుకొని పడినది. భరతముని పట్టికను తెలియని కవి వేపథువు, స్తంభము, ప్రళయము వరుసగా చూపినాడు. ఇక్కడికి దూరము కాని పోచంపల్లి మగ్గములయొద్ద కూర్చుండు స్త్రీలకు ఆ జాఱిన నాడెను గూర్చి ఎవరును వ్యాఖ్యానము చెప్పనక్కఱలేదు. స్నానపునీళ్లు కాగుచునే యున్నవన్న సంగతి నన్ను అన్నిటికంటె ఎక్కువగా బాధించును.

గుండెకు మనము కల్పించిన ప్రయాణము తఱచుగా క్రిందివైపునకు. గుండె జాఱును, గుభేలుమనును, ఝల్లుమనును. పైకి గొంతుదాక వచ్చునది ప్రాణము. ఇంగ్లీషువాని గుండెయు నిరాశ కలిగినపుడు క్రిందికి మునుగును. ఒక్కొక్కప్పుడు బూట్లలోనికిగూడ దిగునట.

భరతముని యెనిమిదింటను కడుపు లేదని మీరు గమనించితిరా? నేను చాలకాలము దీనిని గూర్చి ఆలోచించితిని. నాట్యశాస్త్రము రంగస్థలమునకై వ్రాయబడినది. చెమట, వణకు, కన్నీరు, పాలిపోవుట చూపఱులకు కనబడును. కడుపులో జరుగునది కనబడదు. అది యనుభవించువారికే తెలియును. అందుచే అది శాస్త్రమున కెక్కక ఇంటిభాషలో నిలిచినదని నా యూహ. ఇంటిభాషలోనన్ననో దానికి కొదువలేదు. కడుపుతీపి, కడుపుకోత, కడుపుమంట, కడుపు తరుగుకొనిపోవుట, కడుపులో దేవినట్లుండుట, కడుపులో పెట్టుకొని చూచుట. మన భాషలో అన్నము జీర్ణమగు చోటును, బిడ్డ పెరుగు చోటును ఒక్క మాటయే గనుక, బిడ్డ విషయమైన సుఖదుఃఖములన్నియు నచ్చటనే చేరినవి. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఇంగ్లీషున గుండె పగులును, మనకు కడుపుకోత. “గట్స్” అనగా ప్రేవులు, ఇంగ్లీషున ధైర్యమునకు పేరు. మనకు ప్రేవు కదలుట జాలి. అయితే 1611 సంవత్సరపు ఇంగ్లీషు బైబిలు అనువాదమున ప్రేవులనుమాట దయ, కనికరము అను నర్థమున వాడబడినది. ఒకప్పుడు వారును మనవలెనే పలికిరన్నమాట. తరువాత నెట్లో మఱచిరి.

పిల్లలు మక్కికిమక్కిగా తర్జుమా చేసినచో వచ్చు చిక్కులిచ్చటనే. “హార్ట్‌బర్న్” అని ఇంగ్లీషువైద్యుడన్నచో అది కడుపులోని పులుసు పైకెగదన్నుట, మనసుమంట కాదు. మనము కడుపుమంట యన్నచో తఱచుగా అది ఓర్వలేనితనమో, దుఃఖమో గాని పులుసు కాదు. వారి గుండెమంట కడుపుది, మన కడుపుమంట గుండెది! ఇంటర్వ్యూలో పొరుగువాని యున్నతిని చూచి నా కడుపు మండుచున్నదని ఇంగ్లీషున చెప్పిన పిల్లవానికి వారు మందుగోలీ యిచ్చి పంపవలసినదే.

హైదరాబాదునకు వచ్చినవారికి మూడవ దేహభాష యొకటి ఎదురగును, అది ఉర్దూ. ప్రాణస్నేహితుని “జిగ్రీ దోస్తు” అందురు, జిగరనగా కాలేయము. పిఱికివానిని ఇంగ్లీషున తెల్లని కాలేయము గలవాడనుట యుండెను. తెలుగువారి కాలేయము మాత్రము ఏ భావమును మోయక తన పని తాను చేసికొనుచున్నది. మన దిల్‌సుఖ్‌నగరు పేరు చూడుడు. దిల్ పారసీకపు గుండె, సుఖము సంస్కృతపు మాట. అది ఒక భూస్వామి పేరున వచ్చినదని చెప్పుదురు. పరీక్షాఫలితములు వచ్చు దినమున ఆ పేటలో ఎందఱి దిల్‌కు సుఖముండునో!

చలి, వేడిమి విషయమున ఇంగ్లీషునకును మనకును అసలే పడదు. వారికి ప్రేమ వెచ్చనిది, నిరాదరణ చల్లనిది. మనకు చల్లని తల్లి, చల్లని మనస్సు, నీ కడుపు చల్లగా నుండవలెనను దీవెన. వెచ్చని స్వాగతమను మాట ఇటీవల పత్రికలలోనికి గూడ చొరబడినది. వైశాఖమాసపు మధ్యాహ్నమున ఎల్.బి.నగరు కూడలిలో దిగినవానికి వెచ్చని స్వాగతము పలుకుట పగవాని పని. “కోల్డ్ ఫీట్” అను దానిని కాళ్లు చల్లబడుటయని తర్జుమా చేసితిమా, వినినవారు వైద్యునికై పరుగెత్తుదురు.

ఐనను మాటలు వేఱైనను వాని క్రిందనున్న యంత్రము ఒక్కటియే. అమెరికాలో వాల్టరు కానన్ అను శాస్త్రజ్ఞుడు 1915లో ప్రకటించిన గ్రంథమున దీనిని విపులముగా చూపెను. భయముగాని కోపముగాని కలిగినపుడు మూత్రపిండములమీది చిన్నగ్రంథులు అడ్రినలిను అను రసమును నెత్తురులోనికి వదలును. గుండె వడివడిగా కొట్టుకొనును. పరుగెత్తుటకో పోరాడుటకో వలసిన కండరములకు నెత్తురు చేరవలెను గనుక చర్మమునుండియు, జీర్ణకోశమునుండియు అది మఱలింపబడును. చేతులు కాళ్లు చల్లబడును. కడుపులో పని నిలిచి అదొకవిధమైన కదలిక తోచును, సీతాకోకచిలుకలవే. జీర్ణకోశము గోడలలో 10 కోట్లకు మించిన నరకణములున్నవి, కావున అచ్చటి మార్పు మనకు వెంటనే తెలియును. లాలాజలము తగ్గి నోట తడియాఱును. పూర్వము దొంగతనము మోపబడినవారిచే పొడిబియ్యము నమిలించి ఉమ్మించెడి తండులదివ్యము దీనిమీద నాధారపడినట్టిదే. కాని నిరపరాధియైన పిఱికివానికిని నోరెండును గదా! ఎందఱు అమాయకులు ఆ బియ్యపుగింజలవలన చెడిరో.

2014లో ఫిన్లండు దేశపు పరిశోధకులు 701 మందికి దేహపు బొమ్మలిచ్చి, ఏ భావము కలిగినపుడు ఏ యంగమున చుఱుకు పుట్టునో, ఏ యంగము మందగించునో రంగువేయుమనిరి. ఐరోపావారును, తైవానువారును వేసిన బొమ్మలు చాలవఱకు పోలికగానే యున్నవట. మన అమ్మమ్మల మాటలను పోగుచేసి బొమ్మ గీచినను దానికి దూరము కాదని నేను ధైర్యముగా చెప్పగలను.

గుండె పగులుట యనునది సైతము వట్టిమాట కాదు. 1990 ప్రాంతమున జపానువైద్యులు ఒక హృద్రోగమును వర్ణించిరి. ఆప్తుల మరణమువంటి పెద్ద ఆఘాతము తగిలినపిదప గుండె యెడమయఱ ఉబ్బి, అచ్చటి జాలరులు అష్టపాదిని పట్టు కుండ యాకారమును పొందుటచే దానికి టకొట్సుబో అను పేరిడిరి. ఇది ఎక్కువగా ముట్లుడిగిన స్త్రీలకు వచ్చును. చాలమందికి కొన్ని వారములలో నయమగును. అయితే దీని గుర్తులు గుండెపోటువే. స్త్రీలలో గుండెపోటు ఛాతీనొప్పితోనే గాక దవడనొప్పి, వీపునొప్పి, వికారము, ఆయాసము, చల్లని చెమటలతో గూడ కనబడవచ్చును. కావున చెమటలు పట్టి, ఊపిరాడక, కడుపులో వికారముగానున్నదని అత్తగారో, అమ్మగారో చెప్పినచో దిగులుపడినదిలే యని సోడా త్రాగించి కూర్చుండరాదు. 108కి ఫోను చేయవలెను.

ఇప్పుడు మరల ఆ వసతిగృహముల పిల్లలకడకు వత్తము, నాకు అసలు చెప్పవలసినది అచ్చటనే యున్నది. వారు నలుబది ఇంగ్లీషు నానుడులు కంఠస్థము చేసిరి గాని, తమకేమైనదని అడిగినచో ఒక్కటే మాట, “టెన్షన్”. పరీక్ష యనగా టెన్షన్, బస్సు తప్పినను టెన్షన్, తండ్రి యప్పు గుర్తువచ్చినను టెన్షన్, రాత్రి నిద్ర పట్టకున్నను టెన్షన్. మన భాషలో జంకు వేఱు, బెదరు వేఱు, గుబులు వేఱు, బెంగ వేఱు, కంగారు వేఱు, దిగులు వేఱు. తెలంగాణపు పల్లెలలో బుగులనగా భయము, రందియనగా లోలోపల తొలుచు చింత. జంకు పరీక్షగది దాటగనే పోవును. బెంగ ఇంటికి వచ్చి నాలుగు ముద్దలు తినిన తీఱును. రంది అటుల పోదు. ఈ తేడా తెలియనిచో తల్లి ఏ మందు వేయగలదు?

ఆదివారమునాడు ఫోను చేసిన బిడ్డ, “ఏమీలేదమ్మా, కొంచెము టెన్షన్” అనును. తల్లి, “టెన్షన్ పడకు” అనును. ఫోను పెట్టివేయుదురు. ఇద్దఱును మాటలాడిరి, ఇద్దఱును ఏమియు చెప్పుకొనలేదు. ఆ తల్లి తన భాషలోనే అడుగవచ్చును గదా! గుండె దడదడలాడుచున్నదా, లేక బరువుగా నున్నదా? కడుపులో దేవుచున్నదా? అన్నము సయించుచున్నదా? తెల్లవాఱుజామున మెలకువ వచ్చి మఱల నిద్రపట్టుట లేదా? ఏడ్పు వచ్చుచున్నదా, ఏడ్పుగూడ రాకున్నదా? మనసును గూర్చి అడిగినచో దాచుకొను పిల్లలు దేహమును గూర్చి అడిగినచో దాచరు. ఆకలి లేదని చెప్పుట సిగ్గుచేటు కాదు గనుక చెప్పివేయుదురు. అచ్చటినుండి మిగిలినది మెల్లగా వచ్చును.

2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియటు ఫలితములు వెలువడిన పిమ్మట కొలదిదినములలో 20 మందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములను తామే తీసికొనిరి. ఆ పత్రికావార్తలు చదివిన తల్లులెవ్వరును వానిని మఱువలేదు. ఆ బిడ్డలు చివరిసారి ఇంటివారితో ఏ మాట పలికిరో మనకు తెలియదు. ఆకలి, నిద్ర రెండును పోయి, ఎవరితోను పలుకక, నేను లేకున్న మీకు భారము తగ్గునన్న మాట ఎటుతిప్పియైనను బిడ్డ నోట వచ్చినచో అది జంకు కాదు, బెంగ కాదు. ఆ రాత్రియే బస్సెక్కి బిడ్డచెంతకు పోవలెను, ఒంటరిగా నుంచరాదు, మనోవైద్యునకు చూపవలెను. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలి మానస్ అను ఉచితసేవ గలదు. 14416 అను సంఖ్యకు రేయింబవళ్లు ఏవేళనైనను ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును. బిడ్డయే చేయనక్కఱలేదు, తల్లియు చేయవచ్చును. ఈ సంఖ్యను వంటయింటి కాలెండరుమీద వ్రాసియుంచుకొనుడు.

స్థలము చాలక గొంతు, చెవులు, అరికాలిమంట నెత్తికెక్కుట మొదలగువానిని విడిచితిని. భయము, దిగులు, బెంగలను తెలుపుటకు మీ మీ ప్రాంతములలో పెద్దవారు వాడు మాటలు, ముఖ్యముగా కడుపునకు సంబంధించినవి, పోస్టుకార్డుమీద వ్రాసి పంపుడు. ఏ జిల్లాదో, ఎవరి నోట విన్నారో తెలిపినచో వచ్చు సంచికలో ప్రకటింతుము. దిల్‌సుఖ్‌నగరు పిల్లల పట్టిక ప్రక్కన అంటించుటకును పనికివచ్చును.